చూసిన గంట, చేసిన గంట

క్లే షర్కీ అనే అమెరికన్ రచయిత ఒకసారి ఒక టీవీ ప్రొడ్యూసరమ్మకి వికీపీడియా సంగతులు చెప్పుకొచ్చాడు. 2006లో ప్లూటోని గ్రహాల జాబితాలోంచి తీసేసినప్పుడు ఆ వ్యాసం మీద ఎంత రభస జరిగిందో, ముక్కూ మొహం తెలియని మనుషులు వాదించుకుంటూ, ఒకరు రాసింది ఇంకొకరు కొట్టేస్తూ చివరికి దాన్ని ఎలా ఓ దారికి తెచ్చారో వివరించాడు. అంతా విని ఆవిడ అడిగింది ఒక్కటే: వీళ్ళకి ఇంత తీరిక ఎక్కడిది? షర్కీకి ఒళ్ళు మండింది. టీవీలో పనిచేసేవాళ్ళు అడగాల్సిన ప్రశ్న కాదది, ఆ తీరికనంతా యాభై ఏళ్ళుగా దాచిపెట్టింది మీరే కదా అన్నాడు.

కోపంతో ఊరుకోకుండా కాగితం పెన్సిలూ తీశాడు. ఐబీఎంలో పనిచేస్తున్న మార్టిన్ వాటెన్‌బర్గ్ సాయంతో లెక్క కట్టాడు. అన్ని భాషల వికీపీడియాలూ, వాటిలోని ప్రతి దిద్దుబాటూ, తెర వెనక జరిగిన ప్రతి వాదులాటా కలిపితే అప్పటికి సుమారు 10 కోట్ల గంటల మనుషుల ఆలోచన. అమెరికాలో జనం టీవీ ముందు గడిపేది ఏడాదికి 20,000 కోట్ల గంటలు. అంటే ఏటా రెండు వేల వికీపీడియాలు సోఫాల్లో కరిగిపోతున్నాయన్నమాట. 2008లో ఒక సభలో ఈ అంకెలు చెప్పాక అవి ప్రపంచమంతా తిరిగాయి. రెండేళ్ళకి పుస్తకమూ వచ్చింది.

ఇలాంటి లెక్క వేసినవాడు షర్కీ ఒక్కడే కాదు. గ్వాటెమాలాలో పుట్టి అమెరికాలో కంప్యూటర్ శాస్త్రవేత్త అయిన లూయిస్ వాన్ ఆన్ ఇంకో పోలిక తెచ్చాడు. 2003లో ప్రపంచం మొత్తం కంప్యూటర్లో సాలిటేర్ పేకాట ఆడుతూ గడిపింది 900 కోట్ల గంటలు. న్యూయార్కులో ఎంపైర్ స్టేట్ భవనం కట్టడానికి పట్టింది 70 లక్షల పనిగంటలు. భాగిస్తే, భూమ్మీద పేకాటరాయుళ్ళు ఏడు గంటలు ఆడే ఆటలో ఒక ఎంపైర్ స్టేట్ లేచి నిలబడుతుంది.

మన దేశానికీ వేసి చూద్దాం. జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన కాలవినియోగ సర్వే ప్రకారం ఆరేళ్ళు దాటిన భారతీయులు రోజులో 11 శాతం సమయాన్ని వినోదానికీ, టీవీ వగైరా ప్రసార మాధ్యమాలకీ, ఆటలకీ ఇస్తున్నారు. 2019 సర్వేలో అది 9.9 శాతం. 11 శాతమంటే రెండున్నర గంటల పైమాటే. ఆరేళ్ళు దాటినవాళ్ళని తక్కువలో తక్కువ 120 కోట్లనుకున్నా రోజుకి 300 కోట్ల గంటలు. షర్కీ కొలత ప్రకారం రోజుకి ముప్ఫై వికీపీడియాలు! ఇక తెలుగు వికీపీడియా సంగతి. 2003 డిసెంబరులో మొదలైంది, లక్ష వ్యాసాలు దాటడానికి ఇరవై ఏళ్ళ పైనే పట్టింది. ఇరుగుపొరుగు నాలుగు వీధులవాళ్ళు ఒక పండగ సెలవులకి టీవీ కట్టేస్తే సరిపోయేదేమో అనిపిస్తుంది ఈ లెక్క చూస్తే.

అనిపిస్తుంది, అంతే. ఈ భాగహారంలో తప్పేమీ లేదు. తప్పంతా గంటని రూపాయి అనుకోవడంలో ఉంది. టీ మానేసి మిగిల్చిన రూపాయితో బియ్యం కొనొచ్చు. రాత్రి తొమ్మిదిన్నరకి, పొద్దుటి నుంచి నుంచుని పనిచేసిన మనిషి కాళ్ళు చాపుకుని కూర్చున్న గంటని తీసుకెళ్ళి పొద్దున పదింటి గంటగా మార్చుకోలేం. టీవీకి పోయే కాలాన్నీ పనికి పోయే కాలాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలంటే ముందు మూడు విషయాలు తేలాలి. ఆ కాలాన్ని ఎలా కొలిచారు, దేన్ని పని అన్నారు, టీవీ వచ్చి కూర్చున్న చోట అంతకుముందు ఏముండేది.

కొలత దగ్గరే సగం కథ ఉంది. వారానికి ఎన్ని గంటలు పనిచేస్తారని అడిగితే మనిషి పెంచి చెబుతాడు. అబద్ధమాడాలని కాదు, బిజీగా గడిచిన వారమే గుర్తుంటుంది గనక. మేరీలాండ్ విశ్వవిద్యాలయ సామాజిక శాస్త్రవేత్త జాన్ రాబిన్సన్ దీన్ని బయటపెట్టాడు. నోటితో చెప్పిన గంటల పక్కన అదే మనుషులు రాసిన రోజువారీ డైరీ పెట్టి చూశాడు. చెప్పిన అంకె పెద్దదయ్యేకొద్దీ డైరీతో తేడా పెరిగింది. వారానికి డెబ్భై ఐదు గంటలు పనిచేస్తున్నామని గొప్పగా చెప్పుకున్నవాళ్ళ దగ్గర అది మరీ ఎక్కువ. ఏ కంపెనీ అధిపతైనా తాను వారానికి ఎన్ని గంటలు పనిచేస్తాడో చెప్పినప్పుడు నాకు రాబిన్సనే గుర్తొస్తాడు.

డైరీలో అలా కుదరదు. ఇరవై నాలుగు గంటలు ఇరవై నాలుగుకే సర్దుకోవాలి, పని గంట ఒకటి పెంచితే నిద్రలోంచో భోజనంలోంచో ఒకటి తగ్గాలి. ఈ పద్ధతిని దేశాల స్థాయికి తీసుకెళ్ళినవాడు హంగరీకి చెందిన అలెగ్జాండర్ సలాయి. 1960ల నడుమ, సోవియట్ యూనియన్, అమెరికా ఒకదాని మొహం ఒకటి చూసుకోని రోజుల్లో, ఆ రెండింటినీ కలుపుకుని పెరూ దాకా 12 దేశాల్లో ఒకే తరహా డైరీలు రాయించాడు. ఫలితాలు 1972లో పుస్తకంగా వచ్చాయి. అమెరికా ప్రభుత్వం 2003 నుంచి ఏటా ఇలాంటి సర్వే చేస్తోంది. అందులో టీవీ వాటా చాలా ఏళ్ళపాటు రోజుకి 2.8 గంటల దగ్గరే తిరిగింది. మన దగ్గర 1998-99లో ఆరు రాష్ట్రాల్లో ప్రయోగంగా చేశారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ లేదు. దేశమంతటికీ చేసిన మొదటి సర్వే 2019లోనే.

మన సర్వేలో రోజు తెల్లవారుజామున నాలుగింటికి మొదలై మర్నాడు నాలుగింటికి ముగుస్తుంది. మధ్యలో అరగంటకో గడి, మొత్తం నలభై ఎనిమిది. ఎన్యూమరేటర్ ఇంటికొచ్చి నిన్నటి రోజుని గడి గడిగా అడిగి నింపుకుంటాడు. ఒక ఇంట్లో ఆ సంభాషణ ఇలా నడిచిందనుకుందాం.

"రాత్రి ఏడున్నర నుంచి ఎనిమిది దాకా ఏం చేశారమ్మా?"

"ఏముంది బాబూ, ఖాళీగానే ఉన్నా. సీరియల్ చూశా."

"ఊరికే కూర్చుని చూశారా?"

"ఊరికే ఎక్కడ? పొద్దున్నే మావాడి క్యారేజీలోకి కావాలిగా, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్నా. మనవడు ఎక్కాలు అప్పజెబుతుంటే విన్నా."

ఆ ఒక్క గడిలో మూడు పనులున్నాయి. టీవీ చూడటం వినోదం ఖాతా. చిక్కుళ్ళు జీతం లేని ఇంటి పని. మనవడి ఎక్కాలు పిల్లల సంరక్షణ. సర్వే నియమం ప్రకారం ఒక గడిలో మూడు దాకా రాసుకోవచ్చు, వాటిలో ముఖ్యమైనదేదో ఆవిడే చెప్పాలి. సీరియల్ అంటే ఆ అరగంట ముఖ్య వ్యాపకాల పట్టికలో వినోదం కింద పడుతుంది, చిక్కుళ్ళంటే ఇంటి పని కింద. పైగా ఆవిడ మొదటి జవాబు 'ఖాళీగానే ఉన్నా' అని. ఎన్యూమరేటర్ ఆ రెండో ప్రశ్న వేయకపోతే చిక్కుళ్ళూ మనవడూ లెక్కలోకే రారు. అమెరికా సర్వేలో పిల్లల సంరక్షణని మినహాయిస్తే పక్క పనుల్ని అసలు పెద్దగా పట్టించుకోరు, ప్రధానమైనదాన్నే రాసుకుంటారు. కాబట్టి టీవీ గంటలని పేపర్లో అంకె కనిపించినప్పుడు, ఆ గంటల్లో చేతులు ఏం చేస్తున్నాయని అడగడం చాదస్తం కాదు.

రెండో చిక్కు మరీ విచిత్రమైనది. పని అంటే ఏమిటి? ఐక్యరాజ్యసమితి వర్గీకరణలో మనిషి రోజంతా తొమ్మిది పెద్ద ఖాతాలుగా విడిపోతుంది. మొదటి రెండూ, అంటే జీతానికో లాభానికో చేసే పనీ, సొంత వాడకానికి వస్తువులు తయారుచేసుకోవడమూ, ఆర్థికవేత్తలు ఉత్పత్తి అని ఒప్పుకునేవి. బోరింగు దగ్గర నుంచి బిందెతో నీళ్ళు మోసుకురావడం రెండో ఖాతాలోకి వస్తుంది గనక అది ఉత్పత్తి. ఆ నీళ్ళే ఎసరు పెట్టి అన్నం వండితే మూడో ఖాతా, జీతం లేని ఇంటి సేవ, జాతీయాదాయంలో సున్నా. పొయ్యిలోకి పుల్లలు ఏరుకొస్తే ఉత్పత్తి, ఆ పుల్లలతో వంట చేస్తే కాదు. బోరింగుకీ వంటింటికీ మధ్య గడప దాటగానే ఆ ఇల్లాలు ఉత్పత్తిదారు కాకుండా పోతుంది.

ఈ గీత సరిగా లేదని చాలాకాలం కిందటే చెప్పిన మనిషి మార్గరెట్ రీడ్. 1934లో ఇంటి ఉత్పత్తి మీద రాసిన పుస్తకంలో ఆవిడ ఒక పరీక్ష పెట్టింది. ఒక పనిని డబ్బిచ్చి వేరేవాళ్ళ చేత చేయించుకోగలిగితే అది ఉత్పాదకం, లేకపోతే కాదు. వంటకి మనిషిని పెట్టుకోవచ్చు, బట్టలు ఉతికించుకోవచ్చు, పిల్లల్ని చూసుకోవడానికి ఆయాను పెట్టుకోవచ్చు. కానీ మన బదులు ఇంకొకరు నిద్రపోలేరు, తినలేరు. మన బదులు ఇంకొకరు టీవీ చూసిపెట్టలేరు. చూసి కథ చెప్పగలరేమో గానీ, ఆ చూసిన సుఖం చెప్పినవాళ్ళదే. దాదాపు తొంభై ఏళ్ళ తర్వాత కూడా పనినీ వినోదాన్నీ విడదీయడానికి ఇంతకన్నా పదునైన కత్తి ఎవరూ తయారుచేయలేదని నా అభిప్రాయం.

ఆ కత్తితో కోస్తే మన ఇళ్ళలో ఎవరి గంట ఎటు పోతోందో తేటగా కనిపిస్తుంది. 2019 సర్వేలో ఆడవాళ్ళలో 81.2 శాతం మంది ఇంటి పని చేశామన్నారు, మగవాళ్ళలో 26.1 శాతం. చేసినవాళ్ళు వెచ్చించిన సమయం ఆడవాళ్ళయితే రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళయితే 97. 2024 నాటికి అవి 289, 88. రెండువైపులా కాస్త తగ్గాయి తప్ప మధ్యనున్న దూరం అలాగే ఉంది. పనీపాటా లేకుండా సీరియళ్ళు చూస్తారని ఆడవాళ్ళ మీద మన సినిమాలు వేసినన్ని జోకులు ఇంకెవరి మీదా వేసి ఉండవు. జోకు వేసే ముందు ఆ 289 పక్కన 88 పెట్టి చూసుకుంటే మంచిది.

మరి టీవీ తిన్నదేమిటి? పనినే తినేసిందని మామూలుగా అందరూ అనుకునే మాట. సలాయి డైరీల్లో టీవీ ఉన్న ఇళ్ళనీ లేని ఇళ్ళనీ పోల్చి చూసినప్పుడు రాబిన్సన్ బృందానికి కనిపించింది వేరు. జీతపు పనిగంటల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. తగ్గినవి రేడియో, సినిమా హాలు, పుస్తకం, ఇరుగుపొరుగుతో కబుర్లు. వీటితోపాటు నిద్ర. ఆ తర్వాతి దశాబ్దాల్లో అమెరికాలో జనానికి తీరిక పెరిగింది. మార్క్ అగియార్, ఎరిక్ హర్స్ట్ అనే ఆర్థికవేత్తల లెక్కలో 1965 నుంచి 2003 మధ్య మగవాళ్ళకి వారానికి ఆరు నుంచి తొమ్మిది గంటలు, ఆడవాళ్ళకి నాలుగు నుంచి ఎనిమిది గంటలు. అలా కలిసొచ్చిన గంటల్లో సింహభాగం టీవీకే పోయింది. అంటే టీవీ పని నోట్లోంచి ముద్ద లాక్కోలేదు, పని వదిలిపెట్టిన పళ్ళెం ముందు వచ్చి కూర్చుంది.

దీనికి నిలువెత్తు సాక్ష్యం కెనడాలో దొరికింది. బ్రిటిష్ కొలంబియాలో ఒక లోయలో ఉండటం వల్ల 1973 దాకా ఒక ఊరికి టీవీ సిగ్నల్ అందలేదు. టానిస్ మెక్‌బెత్ విలియమ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త విషయం తెలియగానే ప్రసారం రాకముందు ఒకసారి, వచ్చిన రెండేళ్ళకి ఇంకోసారి వెళ్ళి ఊరిని పరీక్షించింది. ఊరికి మారుపేరుగా టీవీ లేనిదనే అర్థంలో 'నోటెల్' అని పెట్టింది. పోలికకి ఒక ఛానలున్న ఊరునీ, చాలా ఛానళ్ళున్న ఊరునీ తీసుకుంది. టీవీ వచ్చాక నోటెల్‌లో ఆటలకీ, ఊరి సభలకీ, విందులకీ వచ్చేవాళ్ళు తగ్గారు. మొదట మిగతా రెండు ఊళ్ళ పిల్లలకన్నా సృజనాత్మకత పరీక్షల్లో ముందున్న నోటెల్ పిల్లలు రెండేళ్ళలో వాళ్ళ సరసకే దిగారు. ఐస్‌లాండ్ ప్రభుత్వం ఈ సంగతి ముందే పసిగట్టిందో ఏమో, 1966లో టీవీ మొదలుపెట్టినప్పటి నుంచి 1987 దాకా గురువారాలు ప్రసారమే చేయలేదు. 1983 దాకా జులై నెలంతా టీవీకి సెలవు.

టీవీ ముందు గడిపిన గంట ఎలాంటి గంట? దీన్ని తెలుసుకోవడానికి మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్, రాబర్ట్ క్యూబీ మనుషుల చేతికి పేజర్లిచ్చారు. రోజుకి ఆరు నుంచి ఎనిమిదిసార్లు అది మోగుతుంది, మోగినప్పుడు ఏం చేస్తున్నావో, ఎలా ఉందో కార్డు మీద రాయాలి. టీవీ చూస్తూ దొరికినవాళ్ళు హాయిగా ఉందన్నారు, నిమ్మళంగా ఉందన్నారు. తమాషా ఏమిటంటే టీవీ కట్టేయగానే ఆ హాయి ఆగిపోయింది గానీ మందకొడితనం మిగిలిపోయింది. ఆటలాడాకో, ఇష్టమైన చేతిపని చేశాకో హుషారు పెరుగుతుందన్నవాళ్ళు టీవీ తర్వాత ఆ మాట అనలేదు. రోజుకి నాలుగు గంటలకి మించి చూసేవాళ్ళు, రెండు గంటల లోపు చూసేవాళ్ళకన్నా తక్కువ ఆనందిస్తున్నారు కూడా. కూర్చున్నచోటి నుంచి లేవబుద్ధి కాకపోవడానికి కారణం బద్ధకమొక్కటే కాదన్నమాట. లేస్తే ఆ హాయి పోతుందని ఒంటికి ముందే తెలుసు.

ఇదే పేజర్ పద్ధతిలో చిక్‌సెంట్‌మిహాయ్‌కి ఇంకో వింత దొరికింది. ఒళ్ళు మరిచి లీనమయ్యే క్షణాలు తీరికలో కన్నా ఉద్యోగంలోనే ఎక్కువ నమోదయ్యాయి. అయినా అదే సమయంలో ఇక్కడ కాకుండా ఇంకెక్కడైనా ఉంటే బాగుండునని రాసినవాళ్ళూ ఉద్యోగంలోనే ఎక్కువ. పని ఇచ్చే తృప్తి పని అనే పేరు చూసి మనం లెక్కలోకి తీసుకోవడం లేదని ఆయన వ్యాఖ్యానం. జీతమిచ్చేవాళ్ళకి ఈ మాట మహా ఇష్టంగా ఉంటుంది గనక కాస్త జాగ్రత్తగానే వాడాలి.

అసలు టీవీ మన పల్లెలకి వినోదంగా రాలేదు, పనిగానే వచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్ళకి ప్రసారాలు చేశారు. అందులో ఆంధ్రప్రదేశ్ ఉంది. ఊరందరికీ కలిపి ఒకటే సెట్టు, పైన కోళ్ళ గూళ్ళకి వాడే జాలీతో అల్లిన పదడుగుల గొడుగు. పొద్దున గంటన్నర బడి పిల్లలకి, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకి. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, మధ్యలో కాస్త పాటా ఆటా. ఏడాది కాగానే ఉపగ్రహం వెళ్ళిపోయింది. 1990లలో కేబుల్ వైరు మీద వచ్చిన టీవీ వేరే సరుకు. చిత్రంగా, పాఠాలేవీ చెప్పని ఆ సీరియళ్ళ మీదే రాబర్ట్ జెన్సన్, ఎమిలీ ఆస్టర్ 2009లో ఒక అధ్యయనం అచ్చువేశారు. మన దేశంలో కేబుల్ వచ్చిన ఊళ్ళలో, మొగుడు కొట్టడం సమంజసమేనన్న ఆడవాళ్ళు తగ్గారు, కొడుకే కావాలన్న పట్టుదలా సడలింది. వృథా అయిందనుకున్న సాయంత్రాల్లోంచి ఇలాంటి ఫలితం వస్తుందని ఏ ప్రణాళికా సంఘమూ రాసుకుని ఉండదు.

టీవీ చూసే గంట ఇంటి లెక్కలో ఖర్చయినా, ఇంకొకరి లెక్కలో ముడిసరుకు. మన ఛానళ్ళలో ప్రకటన పది సెకన్ల చొప్పున అమ్ముడవుతుంది, నిబంధనల ప్రకారం గంటకి 12 నిమిషాలు మించకూడదు. రేటు నిర్ణయించడానికి కొన్ని ఇళ్ళలో మీటర్లు పెడతారు. కార్యక్రమం ధ్వనిలో చెవికి అందని గుర్తును దాచి పంపితే మీటరు దాన్ని పట్టుకుంటుంది, ఎవరు కూర్చున్నారో చెప్పడానికి ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో మీట. ఛానల్ అమ్మేది కార్యక్రమాల్ని కాదు, ప్రేక్షకుల్ని అని కెనడా పండితుడు డాలస్ స్మైత్ 1977లో రాశాడు. ప్రకటన చూడటమే ప్రేక్షకుడు చేసే కూలి అని ఆయన వాదన. రీడ్ పరీక్షతో చూస్తే అది పని కాదు, స్మైత్ కళ్ళతో చూస్తే కూలి ముట్టని పని.

వాన్ ఆన్ చేసిన తెలివైన పని ఇక్కడ చెప్పుకోవాలి. ఆయన జనాన్ని పేకాట మానమని అడగలేదు. ఇద్దరు అపరిచితులు ఒకే బొమ్మ చూసి ఒకే మాట టైపు చేస్తే గెలిచే ఆట తయారుచేసి, ఆ మాటలతో బొమ్మలకి పేర్లు పెట్టించాడు. వెబ్‌సైట్లలో మనం మనిషేనని రుజువు చేసుకోవడానికి వంకర అక్షరాలు చదివి టైపు చేసేవాళ్ళం కదా, దాన్నే మార్చి పాత పుస్తకాల్లో యంత్రానికి అర్థంకాని మాటల్ని మన చేత చదివించాడు. 2009లో గూగుల్ దాన్ని కొనేసింది. అలసిన గంటని అలసిన గంటగానే వాడుకున్నాడు గనక ఆయన లెక్క పనికొచ్చింది. షర్కీ లెక్కకి ఆ వెసులుబాటు లేదు. తెలుగు వికీపీడియాని చూడండి. చదివేవాళ్ళు లక్షల్లో, మోస్తున్నవాళ్ళు గుప్పెడు మంది. తక్కినవాళ్ళకి గంట దొరక్క కాదు, రాయాలన్న ఊపు ఏ గంటలోనూ లేక.

ఈ కొలతలన్నీ టీవీ ఒక గదిలో ఒక మూల ఉన్న కాలంలో తయారైనవి. ఇప్పుడు తెర జేబులో ఉంది. మన సర్వే ఒక గడిలో కనీసం పది నిమిషాలు చేసిన పనినే రాసుకుంటుంది. ఆఫీసులో ఫైలు తెరిచిపెట్టుకుని మధ్యమధ్య మూడేసి నిమిషాలు రీల్స్ చూసినవాడి గడిలో ఉద్యోగమనే పడుతుంది. రాత్రి సీరియల్ ప్రకటనల మధ్య మేనేజర్ వాట్సాప్‌కి జవాబులిచ్చిన ఆవిడ గడిలో వినోదమని పడుతుంది. ఒక తప్పు పని ఖాతాని పెంచుతోంది, ఇంకోటి తీరిక ఖాతాని పెంచుతోంది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయని అనుకోవడానికి ఆధారమేమీ లేదు.